ఆటపెట్టెల జీర్ణోద్ధరణ

పాఠ్యభాగ పరిచయం

ఒక విషయాన్ని క్రమబద్ధంగా, సహేతుకంగా వివరించే గద్యరచనను వ్యాసం అంటారు. ప్రస్తుత పాఠ్యభాగం వివరణాత్మక వ్యాసం. 1970, 1980 దశకాలలో అమెరికాలో తయారైన నాణేల వీడియో ఆటల కొయ్యపెట్టెలు ఎలా శిథిలమవుతాయో, వాటి చెక్కను, రంగులను ఎలా బాగుచేస్తారో ఈ వ్యాసం వివరిస్తుంది. పాతవస్తువును బాగుచేసేవాడు ఎంతవరకు చేయాలి, ఎక్కడ ఆగాలి అన్న విషయాన్ని విద్యార్థుల చేత ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

‘జీర్ణం’ అంటే శిథిలమైనది, అరిగిపోయినది అని అర్థం. ‘ఉద్ధరణ’ అంటే పైకెత్తడం. పాడుపడిన కోవెలకు, పూడిపోయిన చెరువుకు పూర్వావస్థ కల్పించడాన్ని తెలుగువారు జీర్ణోద్ధరణ అంటారు. ఉద్ధరించేవాడు తన కోసం కొత్త కట్టడాన్ని కట్టుకోడు. మరొకరు కట్టినదానిని నిలబెడతాడు. అందుచేత అతని పనిలో నేర్పుతోపాటు నిగ్రహం కూడా ఉండాలి. ఈ మాట పవిత్ర కట్టడాలకే చెందుతుందని అనుకోనవసరం లేదు. ఒకప్పుడు నాణెం వేస్తే ఆడుకోనిచ్చిన వీడియో ఆటల కొయ్యపెట్టెలను నేడు బాగుచేస్తున్న వారికి కూడా ఇది అక్షరాలా వర్తిస్తుంది.

నాణెం వేసి ఆడుకునే తొలి వీడియో ఆట ‘కంప్యూటర్ స్పేస్’ 1971లో అమెరికాలో విపణిలోకి వచ్చింది. దాని పెట్టె కొయ్యది కాదు, ఫైబర్‌గ్లాస్‌ది. మరుసటి సంవత్సరం, అంటే 1972లో, అటారీ సంస్థ ‘పాంగ్’ అనే ఆటను రూపొందించి కాలిఫోర్నియా రాష్ట్రంలోని సన్నీవేల్ పట్టణంలో ఒక మద్యశాలలో తొలిసారిగా నెలకొల్పింది. ఆ తరువాత జపాన్‌లో ఈ ఆటలు కొత్త రూపం దాల్చాయి. తైతో సంస్థలో తొమోహిరో నిషికాదో 1978లో ‘స్పేస్ ఇన్వేడర్స్’ను, నామ్‌కో సంస్థలో తోరు ఇవాతాని 1980లో ‘పాక్-మాన్’ను, నిన్‌టెండో సంస్థలో షిగెరు మియామోతో 1981లో ‘డాంకీ కాంగ్’ను సృష్టించారు. జపాన్‌లో వీటిని ఎక్కువగా బల్లల రూపంలో అమర్చేవారు. ఆటగాళ్లు బల్ల ముందు కూర్చొని తల వంచి ఆడేవారు. అమెరికాలో మాత్రం మనిషి ఎత్తున నిలిచే కొయ్యపెట్టెలకు ఆదరణ లభించింది. ‘స్పేస్ ఇన్వేడర్స్’, ‘పాక్-మాన్’ ఆటలను అక్కడ మిడ్‌వే సంస్థ అనుమతి పొంది తయారు చేసింది.

ఈ పెట్టెలో బొమ్మ కనిపించే గాజుగొట్టం, విద్యుత్ పలక, మీటలు, నాణేల తలుపు ఉంటాయి. వీటన్నింటినీ మోసేవి రెండు పక్క చెక్కలు. ఆ చెక్కలమీద పెద్ద పెద్ద వర్ణచిత్రాలు ఉండేవి. నాటి ఆటల తెరమీద కనిపించే బొమ్మలు కొన్ని చుక్కల కూర్పు మాత్రమే. ఆ చుక్కలు రాక్షసులా, అంతరిక్ష నౌకలా అన్నది ఆటగాడికి పక్కచెక్కమీది చిత్రమే చెప్పేది. మసకచీకటిగా ఉండే ఆటశాలలో దూరంనుంచి మనిషిని పిలిచేది కూడా ఆ రంగులే. కాబట్టి ఆ చిత్రాలు పెట్టెకు వేసిన అలంకారం మాత్రమే కావు. ఆటలో ఒక భాగం.

చెక్క ఎందుకు చెడుతుంది?

ఈ పెట్టెలను ప్లైవుడ్‌తోనో, పార్టికల్ బోర్డుతోనో చేసేవారు. చెక్క మందం సాధారణంగా 16 నుంచి 19 మిల్లీమీటర్లు. పలుచని కొయ్యపొరలను ఒకదానిమీద ఒకటి జిగురుతో అతికిస్తే ప్లైవుడ్ అవుతుంది. చెక్కముక్కలను, పొట్టును జిగురుతో కలిపి వేడిలో గట్టిగా అదిమితే పార్టికల్ బోర్డు అవుతుంది. ఇది చౌక, నున్నగా ఉంటుంది, రంగు బాగా పడుతుంది. అయితే నీరు దీనికి ప్రబల శత్రువు. అదిమి ఉంచిన చెక్కముక్కలు తడి తగలగానే నీటిని పీల్చి ఉబ్బుతాయి. ఆ ఒత్తిడికి వాటిని పట్టి ఉంచిన జిగురు బంధాలు తెగుతాయి. తరువాత ఆరినా ఆ ముక్కలు పూర్వస్థానానికి తిరిగి రావు. ఆటశాలల నేలను ప్రతిరోజూ తడిగుడ్డతో తుడిచేవారు. ఆటలు మూలబడ్డాక పెట్టెలు చెమ్మగల గిడ్డంగులలో ఏళ్లతరబడి ఉండిపోయాయి. అందువల్లనే పాతపెట్టెలలో అడుగుభాగం ముందుగా పాడవుతుంది. అక్కడి చెక్క ఉబ్బి, అంచులు పూలలా విచ్చుకొని, వేలితో తాకితే పొట్టుగా రాలుతుంది.

మనుషుల చేతుల వల్ల కలిగిన గాయాలు వేరు. పెట్టెలను తోపుడుబండిమీద ఎక్కించి దించేటప్పుడు మూలలు నలిగాయి. దొంగలు నాణేల తలుపును ఇనుప కడ్డీతో పెకలించబోగా చుట్టూ చెక్క చీలింది. యజమానులు రక్షణ కోసం తాళపు పట్టీలు బిగించగా బెజ్జాలు పడ్డాయి. ఆటగాళ్లు సిగరెట్లను మీటలున్న పలకమీద ఆనించి ఆడగా మచ్చలు మిగిలాయి. కొందరు తమ పేర్లలోని తొలి అక్షరాలను పక్కచెక్కలమీద చెక్కారు.

పొరల కింద పొరలు

మరొక మార్పు వ్యాపారం వల్ల వచ్చింది. ఒక ఆటమీద జనానికి మోజు తగ్గగానే యజమాని ఆదాయం పడిపోయేది. కొత్త యంత్రం కొనడం ఖర్చుతో కూడిన పని. అందువల్ల పాతపెట్టెలోనే విద్యుత్ పలకను, పైభాగపు పేరుపలకను, మీటలను మార్చి కొత్త ఆటను అమర్చేవారు. 1985లో జపాన్ తయారీదారుల సంఘం తీగల అమరికకు ‘జమ్మా’ అనే ఉమ్మడి ప్రమాణాన్ని ప్రవేశపెట్టాక ఈ మార్పిడి ఇంకా సులువైంది. పాత ఆటకు చెందిన బొమ్మలు కొత్త ఆటకు నప్పవు కనుక పక్కచెక్కలకు నల్లరంగు పూసేవారు. ఆ విధంగా ఒకే పెట్టెమీద రెండు మూడు కాలాల రంగులు పేరుకుపోయాయి.

ఈ మార్పిడులలో ప్రసిద్ధమైనది నిన్‌టెండో సంస్థకు సంబంధించినది. ఆ సంస్థ అమెరికా శాఖ ‘రాడార్ స్కోప్’ అనే ఆట యంత్రాలను సుమారు 3000 తెప్పించింది. అందులో 1000 మాత్రమే అమ్ముడయ్యాయి. మిగిలిన 2000 యంత్రాలు గిడ్డంగిలో నిలిచిపోయాయి; సంస్థ మనుగడే ప్రశ్నార్థకమైంది. ఆ యంత్రాలలో ఇమిడే కొత్త ఆటను తయారు చేసే బాధ్యత యువకుడైన మియామోతోకు అప్పగించారు. ఆ ఆటే 1981లో వచ్చిన ‘డాంకీ కాంగ్’. గిడ్డంగిలోని ఎర్రపెట్టెలను విప్పి, లోపలి భాగాలు మార్చి, కొత్త బొమ్మలు అతికించి విక్రయించారు. ఆట ఘనవిజయం సాధించింది. తరువాత ఆ ఆట కోసమే తయారు చేసిన పెట్టెలకు లేతనీలం రంగు వేశారు. ఆ కారణం చేత ‘డాంకీ కాంగ్’ అనగానే చాలామందికి నీలిపెట్టే స్ఫురిస్తుంది.

ఇప్పుడు ఒక సందర్భాన్ని ఊహించవచ్చు. నల్లరంగు పూసిన పాత ‘డాంకీ కాంగ్’ పెట్టె ఒకటి బాగుచేసేవాని చేతికి వచ్చింది. అతడు నల్లపొరను గీకగా కింద ఎరుపు కనిపించింది. ఆ ఎరుపును ఎవరో తరువాత పూసిన రంగుగా భావించి, దానిని కూడా అరగదీసి, ‘సరియైన’ నీలిరంగు వేశాడనుకుందాం. పెట్టె తళతళలాడుతుంది. చూసినవారు మెచ్చుకుంటారు. కానీ పతనం అంచుననున్న ఒక సంస్థను నిలబెట్టిన 2000 యంత్రాలలో అది ఒకటి అనే సాక్ష్యం దుమ్ముగా మారి నేల రాలిపోయింది. దానిని మళ్లీ తెచ్చే ఉపాయం ఏదీ లేదు. అజ్ఞానంతో చేసిన బాగు, నిర్లక్ష్యం కన్నా ఎక్కువ హాని చేయగలదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

బాగుచేసే విధానం

కాబట్టి ఈ పనిలో మొదటి దశ ఉలి పట్టడం కాదు, పరిశీలించడం. పెట్టెను అన్ని వైపులనుంచి కొలబద్దతో సహా ఫొటోలు తీస్తారు. లోపల అతికించిన క్రమసంఖ్య చీటీలను, ముద్రలను నమోదు చేస్తారు. అసలు రంగు ఏదో తెలుసుకోవడానికి ఎండ, చేతులు తగలని చోట్లు వెదుకుతారు. మీటల పలక కింద, నాణేల తలుపు చట్రం వెనుక, అంచుపట్టీ చాటున ఉన్న రంగు వెలిసిపోకుండా ఉంటుంది. బయట కనిపించే పసుపు ఏళ్ల వెలుగుకు పాలిపోయి ఉండవచ్చు. చాటున దాగిన పసుపే ప్రమాణం.

చెక్కను ముట్టుకునే ముందు విద్యుత్ భాగాలను తొలగించాలి. ఇక్కడ జాగ్రత్త అత్యవసరం. పాత తెరల గాజుగొట్టం సుమారు 20,000 వోల్టుల స్థాయిలో పనిచేస్తుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా అందులో ప్రాణాపాయం కలిగించగల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. శిక్షణ పొందినవారే దానిని నిర్వీర్యం చేసి బయటికి తీయాలి. చెక్కను, పాతరంగును అరగదీసేటప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది కనుక ముఖానికి తగిన ముసుగు ధరించాలి.

రెండవ దశ చెక్కకు బలం చేకూర్చడం. ఉబ్బిన అడుగుభాగాన్ని పూర్తిగా ఆరనిచ్చి, వదులైన పొట్టును దులిపివేస్తారు. తరువాత పలుచని ఎపాక్సీ ద్రవాన్నో, నీళ్లు కలిపి పలుచన చేసిన వడ్రంగి జిగురునో చెక్క లోపలికి ఇంకేలా పోస్తారు. రెండువైపులా మైనపు కాగితం చుట్టిన చదునైన పలకలు పెట్టి క్లాంపులతో బిగిస్తారు. మైనపు కాగితం ఉండటం వల్ల పలకలు జిగురుకు అంటుకోవు. ఒకరోజు గడిచి జిగురు గట్టిపడ్డాక విప్పితే, ఉబ్బిన చెక్క చాలావరకు పూర్వపు మందానికి వస్తుంది. చెక్క మరీ కుళ్లిపోయినట్లయితే అంతమేరకు తిన్నగా కోసి, అదే మందంగల కొత్తముక్కను కొయ్యచీలలతో, జిగురుతో అతుకుతారు. అతుకు ఎంత చిన్నదైతే అంత మేలు. అడుగు అంగుళం చెడినంత మాత్రాన పక్కచెక్క మొత్తాన్ని మార్చడం మంచి వడ్రంగి లక్షణం కాదు.

మూడవ దశ లోపాలు పూడ్చడం. నలిగిన మూలలకు, బెజ్జాలకు రెండు పదార్థాలు కలిపితే గట్టిపడే పాలియెస్టర్ లప్పం వాడతారు. కలిపిన కొద్ది నిమిషాలకే ఇది బిగుసుకుంటుంది. అందువల్ల అవసరమైనంత మాత్రమే కలుపుకోవాలి. మూల పూర్తిగా విరిగిపోతే మైనపు కాగితం చుట్టిన పలకను గోడలా ఆనించి, ఆ గోడకు, చెక్కకు మధ్య లప్పం నింపుతారు. పలక తీసేస్తే తిన్నని అంచు ఏర్పడుతుంది. అంచు పొడవునా ఉండే సన్నని గాడిని మాత్రం లప్పంతో మూసివేయకూడదు. ఆంగ్ల అక్షరం ‘టీ’ ఆకారంలో ఉండే ప్లాస్టిక్ అంచుపట్టీ ఆ గాడిలోనే దిగుతుంది. లప్పం ఆరాక ముందు 80 సంఖ్యగల ముతక ఉప్పు కాగితంతో, పిదప 120తో, చివరకు 220 సంఖ్యగల నునుపు కాగితంతో రుద్దుతారు. ప్లైవుడ్ పైపొర మందం చాలాచోట్ల ఒక మిల్లీమీటరుకు మించదు. ఆత్రంతో రుద్దితే ఆ పొర తెగి అడుగుపొర బయటపడుతుంది. చేతికి తెలియవలసినది బలం కాదు, లెక్క.

నాలుగవ దశ రంగు. నల్లపొర కింద అసలు చిత్రం మిగిలి ఉంటే దానిని వెలికితీయడం అత్యంత సున్నితమైన పని. నల్లరంగును కరిగించే ద్రావకం కింది రంగును కూడా కరిగించవచ్చు. అందుచేత ఎవరికీ కనిపించని మూలలో అరచేతి వెడల్పు మేర పరీక్షించి, ఏ పద్ధతి హాని చేయదో తేల్చుకుంటారు. చిత్రంలో అధికభాగం నిలిచి ఉంటే లోపించిన చోట్ల మాత్రమే రంగు అద్దుతారు. దానికి ముందు అసలు రంగుమీద పారదర్శకమైన వార్నిష్ పూత పూస్తారు. రేపెవరైనా ఈ అద్దకాన్ని తొలగించదలిస్తే కిందిది చెడకుండా తొలగించడానికి ఆ పూత ఉపకరిస్తుంది.

చిత్రం కాపాడలేనంతగా చెడిపోతే మళ్లీ వేయక తప్పదు. అటువంటప్పుడు మిగిలిన గీతలమీద పారదర్శకమైన పలుచని పొరను పరచి ఆకారాలను నకలు తీసుకుంటారు. చెక్కకు ప్రైమర్ పూసి, నున్నగా రుద్ది, మూలవర్ణం వేస్తారు. ‘పాక్-మాన్’ పెట్టెకైతే అది పసుపు. అది బాగా ఆరాక ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క స్టెన్సిల్ అచ్చు అమర్చి, తక్కిన భాగాన్ని కప్పి, పలుచని పూతలుగా చల్లుతారు. సాధారణంగా బొమ్మల అంచులను తీర్చే నల్లరంగు చివర వస్తుంది. ముందటి రంగు ఆరకముందే అచ్చు పెడితే రంగు ఊడివస్తుంది. దళసరిగా చల్లితే అచ్చు కిందికి పాకుతుంది. నాడు కర్మాగారంలో వేసిన రంగులు కూడా అక్కడక్కడ అచ్చు తప్పి పక్కకు జరిగి ఉంటాయి. ఆ లోపాన్ని కూడా అలాగే ఉంచేవారు కొందరైతే, సరిదిద్దేవారు మరికొందరు.

ఎంతవరకు?

ఇక్కడ మౌలికమైన ప్రశ్న ఎదురవుతుంది. బాగుచేయడం అంటే కర్మాగారం గడప దాటిన నాటి కొత్తదనాన్ని తిరిగి తేవడమా, లేక గడిచిన నలభై ఏళ్లను కూడా ఆ వస్తువులో భాగంగా అంగీకరించడమా? కొత్తదనం కోరేవారి వాదంలో బలం ఉంది. ఆట ఆనందం కోసం పుట్టింది. వెలసిన, చీలిన పెట్టె ఆ ఆనందాన్ని నేటి పిల్లలకు అందించలేదు. రెండవ పక్షం వాదం కూడా తోసిపుచ్చదగినది కాదు. ఒక బాలుడు చెక్కమీద గీసిన రెండక్షరాలు కర్మాగారం వేసిన బొమ్మలకన్నా తక్కువ చరిత్ర కావు. లప్పంతో వాటిని పూడ్చితే ఆ పెట్టె ముందు నిలబడ్డ మనిషి చెరిగిపోతాడు.

కట్టడాల విషయంలో ఈ చర్చ ముందే జరిగింది. 1964లో వెనిస్ నగరంలో సమావేశమైన నిపుణులు, ఊహ ప్రారంభమయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలనే సూత్రాన్ని ఆమోదించారు. తెలుగు సాహిత్యంతో పరిచయం ఉన్నవారికి ఇది కొత్త కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పందొమ్మిదవ శతాబ్దంలో కడపలో పండితులను నియమించి, తాళపత్ర ప్రతులను పోల్చి చూపించి, శుద్ధప్రతులను సిద్ధం చేయించారు. పురుగు తిన్న చోట పద్యపాదం లోపిస్తే పరిష్కర్త మరో ప్రతిలో వెదకాలి. దొరకకపోతే ఖాళీ వదిలి, లోపించిందని చెప్పాలి. తానే ఒక పాదం అల్లి కవి పేరుతో చలామణి చేస్తే అది పరిష్కరణ కాదు. కొయ్యమీది బొమ్మకైనా, తాటాకుమీది పద్యానికైనా ధర్మం ఒక్కటే.

ఈ ధర్మాన్ని పాటించేవారు ఇరుపక్షాలకూ సమ్మతమైన మార్గం ఒకటి అనుసరిస్తారు. నిలబడలేని చెక్కను తప్పక బాగుచేస్తారు. ఎందుకంటే పెట్టె కూలితే చరిత్ర కూడా కూలుతుంది. నిలబడగలిగిన దానిని సాధ్యమైనంతవరకు ముట్టుకోరు. కొత్తరంగు వేయక తప్పనప్పుడు ఒకచోట చిన్న గడిమేర పాత రంగు పొరలను అలాగే విడిచిపెడతారు. చేసిన పని వివరాలను కాగితంమీద రాసి, తేదీ వేసి, పెట్టె లోపల భద్రపరుస్తారు. బయట చూసేవారికి ఆ కాగితం కనిపించదు. రాబోయే రోజుల్లో పెట్టెను మళ్లీ విప్పేవారికి మాత్రం ఏది అసలుదో, ఏది అతుకో తెలుస్తుంది.

న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఉన్న స్ట్రాంగ్ క్రీడా మ్యూజియం ఆట యంత్రాలను సేకరించి భద్రపరుస్తున్నది. అక్కడి ప్రపంచ వీడియో ఆటల కీర్తిమందిరంలో 2015లో తొలివిడతగా స్థానం పొందిన ఆటలలో ‘పాంగ్’, ‘పాక్-మాన్’ ఉన్నాయి. ఒకనాడు మద్యశాలల మూలల్లో నిలిచి, పాతబడగానే నల్లరంగు పూయించుకున్న పెట్టెలు నేడు మ్యూజియంలోకి చేరాయి. వాటిలో ఏది ఏ పొరతో, ఏ రంగుతో, ఎంత నిజంతో అక్కడికి చేరిందన్నది మాత్రం మధ్యలో వాటిని బాగుచేసిన చేతులమీద ఆధారపడింది. ఆ చేతుల పేర్లు పెట్టెల మీద ఉండవు. తన పేరు కనిపించకపోయినా, తాను చేసినది దాచకుండా పనిచేసేవాడే నిజమైన ఉద్ధారకుడు.

కఠిన పదాలకు అర్థాలు

జీర్ణం = శిథిలమైనది
పూర్వావస్థ = మునుపటి స్థితి
నిగ్రహం = అదుపు
విపణి = అంగడి, మార్కెట్టు
మనుగడ = జీవనం, నిలిచి ఉండటం
నిర్వీర్యం = శక్తి లేనిది
పిదప = తరువాత
దళసరి = మందమైన
పరిష్కర్త = గ్రంథంలోని దోషాలను సవరించేవాడు
చలామణి = వాడుకలో ఉంచడం

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఆటపెట్టెల చెక్క శిథిలం కావడానికి గల కారణాలను వివరించండి.
2. చెక్కను బాగుచేసి రంగు వేయడంలోని నాలుగు దశలను తెలపండి.
3. ‘అజ్ఞానంతో చేసిన బాగు, నిర్లక్ష్యం కన్నా ఎక్కువ హాని చేయగలదు’ – పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ‘డాంకీ కాంగ్’ తొలిపెట్టెలు ఎరుపురంగులో ఎందుకు ఉన్నాయి?
2. అసలు రంగును తెలుసుకోవడానికి ఏయే చోట్ల వెదుకుతారు?
3. గ్రంథపరిష్కర్తకు, ఆటపెట్టెను బాగుచేసేవానికి గల పోలిక ఏమిటి?

ఇ. ఒక వాక్యంలో సమాధానం రాయండి.
1. ‘పాక్-మాన్’ సృష్టికర్త ఎవరు?
2. బిగింపు పలకలకు మైనపు కాగితం ఎందుకు చుడతారు?
3. ‘జమ్మా’ ప్రమాణం ఏ సంవత్సరంలో వచ్చింది?

ఈ. సంధులు
జీర్ణోద్ధరణ = జీర్ణ + ఉద్ధరణ – గుణసంధి
పూర్వావస్థ = పూర్వ + అవస్థ – సవర్ణదీర్ఘసంధి
అత్యంత = అతి + అంత – యణాదేశసంధి

ఉ. సమాసాలు
కొయ్యపెట్టె – కొయ్యతో చేసిన పెట్టె – తృతీయా తత్పురుష సమాసం
పాతరంగు – పాతదైన రంగు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
నాలుగు దశలు – నాలుగు సంఖ్యగల దశలు – ద్విగు సమాసం

ఊ. భాషాకృత్యం
మీ ఇంట్లోగానీ, ఊరిలోగానీ బాగుచేయవలసిన పాతవస్తువు ఒకటి ఎంచుకోండి. దానిలో దేనిని మార్చాలో, దేనిని ముట్టుకోకూడదో కారణాలతో ఒక పుటకు మించకుండా రాయండి.